తడి, పొడి మేం వేరుచేసి ఇస్తున్నాం, బండిలో కలపకండి: మున్సిపల్ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి, పారిశుధ్య విభాగం అధికారులకు, మా వార్డు ప్రజాప్రతినిధులకు నమస్కారం.

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మన పట్టణంలో, బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద నేను చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. ఇల్లు ఆ వెనక గల్లీలోనే. కాబట్టి ఇంటి చెత్తకు మీరు పెట్టిన నియమాలూ నాకు వర్తిస్తాయి, దుకాణం చెత్తకు పెట్టినవీ వర్తిస్తాయి. ఇక్కడ రాసేవి నా ఒక్కదాని మాటలు కావు. మా వరుసలో ఉన్న కిరాణం, చికెన్ సెంటర్, టైలర్, సెలూన్, జ్యూస్ బండి, మిర్చి బండి వాళ్లు, గల్లీలోని ఇళ్లవాళ్లు కూర్చుని మాట్లాడుకున్న సంగతులు. ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. కలెక్టరేట్‌లో ఫిర్యాదులు వినే ప్రజావాణిలో చెప్పుకున్నాం. రసీదు వచ్చింది గానీ జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది. పట్టణం పేరు, అధికారుల పేర్లు కావాలనే రాయలేదు. ఒకరిని నిలదీసి పరువు తీయాలని మాకు లేదు, పని జరిగితే చాలు.

ముందుగా ఒక మాట. తెల్లవారక ముందే నేను పొయ్యి వెలిగించే వేళకు మా రోడ్డు ఊడుస్తూ కార్మికులు కనిపిస్తారు. వానలోనూ వస్తారు, పండగ పూటా వస్తారు. ఈ లేఖలో ఒక్క అక్షరం కూడా వాళ్ల మీద ఫిర్యాదు కాదు. వాళ్లకిచ్చిన బండి, టైము, మనుషులు చాలక జరుగుతున్న నష్టం గురించే చెబుతున్నాం.

ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లో వచ్చాయి. తడి చెత్త, పొడి చెత్త, ఇళ్లలో వచ్చే ప్రమాదకరమైన చెత్త అని మూడుగా వేరుచేసి ఇవ్వాలని వాటిలో ఉంది. వాటి స్థానంలో వచ్చిన 2026 నిబంధనలు ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు మూడు పోయి నాలుగయ్యాయి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం ఒకదాంట్లో. కాగితం, అట్ట, ప్లాస్టిక్, గాజు, ఇనుము ఒకదాంట్లో. డైపర్లు, ప్యాడ్లు చుట్టి విడిగా. కాలం చెల్లిన మందులు, బల్బులు, రంగు డబ్బాల్లాంటివి విడిగా. మీ సిబ్బంది మైకులో చెప్పారు, కరపత్రాలు పంచారు. మంచిదే. మా గల్లీలో చాలా ఇళ్లలో ఇప్పుడు రెండేసి బకెట్లున్నాయి. కొన్ని ఇళ్లలో బడికి పోయే పిల్లలే పెద్దవాళ్లకు నేర్పారు.

అయితే మున్సిపాలిటీ చెయ్యాల్సిన పనులు కూడా ఆ 2016 నిబంధనల్లోనే రాశారు. వేరుచేసి ఇచ్చిన చెత్తను వేరుగానే తీసుకెళ్లాలి. ఇళ్లు, బస్తీలు, దుకాణాలు ఏవీ వదలకుండా గడపగడపకూ బండి రావాలి. కూరగాయలు, మాంసం, చేపల మార్కెట్ల చెత్తను ఏ రోజుకారోజు ఎత్తాలి. కార్మికులకు యూనిఫాం, గ్లౌజులు, రెయిన్‌కోట్లు, బూట్లు, మాస్కులు ఇవ్వాలి. చెత్త ఏరుకుని బతికేవాళ్లను గుర్తించి ఈ పనిలో కలుపుకోవాలి. మాకు పంచిన కరపత్రంలో మాత్రం మా బాధ్యతలొక్కటే అచ్చయ్యాయి.

ఇక బండి దగ్గర జరిగేది చెబుతాను. ఆటో ట్రాలీకి వెనక ఆకుపచ్చ, నీలం రంగులతో రెండు గదులున్నాయి. మధ్యలో రేకు అడ్డం. ఆ రేకు పైభాగం ఎప్పుడో ఊడిపోయింది. మాకంటే ముందు మార్కెట్ వీధి తిరిగి వస్తుంది కాబట్టి మా దగ్గరికి వచ్చేసరికే తడి గది నిండిపోయి ఉంటుంది. నా బకెట్లోని కొబ్బరి పీచు, ఉల్లి పొట్టు, మిగిలిన చట్నీ, సాంబారు అన్నీ నీలం గదిలో అట్టపెట్టెల మీద పడతాయి. బండి మీద ఉండే ఆమె కావాలని చేసేది కాదు. "ఏడ పొయ్యమంటవ్ అక్కా?" అని నన్నే అడుగుతుంది. నేనేం చెప్పను? డైపర్లు, ప్యాడ్లకు గదే లేదు. బండి పక్కకు ఒక బస్తా కట్టి ఉంటుంది. పగిలిన గాజు అందులోనే, డైపర్లూ అందులోనే, సెలూన్ బ్లేళ్లూ అందులోనే. ఇంటావిడ రెండు బకెట్లు పట్టుకొచ్చి, తన కళ్లముందే రెండూ ఒకటైపోవడం చూసి వెళ్తుంది. మర్నాటి నుంచి ఒకటే బకెట్ తెస్తుంది. ఆ తర్వాత ప్రజలు సహకరించడం లేదని మాట పడేది కూడా ఆమే.

దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇదీ:

1. బండి వచ్చే టైముకూ చిన్న వ్యాపారాలు నడిచే టైముకూ పొంతన లేదు. మా దుకాణానికి గిరాకీ అంతా పొద్దున 7 నుంచి 10 దాకా. ఆ మధ్యలోనే బండి పాట వేసుకుంటూ వచ్చి, నిమిషం ఆగి వెళ్లిపోతుంది. పెనం మీద దోసెలు వదిలేసి బకెట్ మోసుకుని పరుగెత్తాలి. అప్పటికి నా దగ్గర ఉండేది నిన్నటి చెత్తే. ఇవాళ్టి చెత్తంతా మధ్యాహ్నం దుకాణం కట్టేసేటప్పుడు తేలుతుంది. అది మర్నాడు పొద్దున దాకా ఎక్కడ ఉండాలి? రోడ్డు మీది డబ్బాలు తీసేశారు. బయట పెడితే జుర్మానా. లోపల పెడితే, ఎండాకాలంలో మిగిలిన సాంబారు, చట్నీ సాయంత్రానికే పులిసి పురుగు పడుతుంది. వంట చేసే చోటే చెత్త నిల్వ ఉంచుకోవాల్సి వస్తోంది. రేపు ఆహార భద్రత అధికారులు వస్తే అదీ మా తప్పే అవుతుంది.

మిర్చి బండి ఆయనది ఇంకా కష్టం. ఆయన సాయంత్రం 5కు వస్తాడు, రాత్రి 10కి వెళ్తాడు. ఆయన ఉన్నప్పుడు చెత్త బండి రాదు, చెత్త బండి వచ్చినప్పుడు ఆయన ఉండడు. నూనె కాగితాలు, ఉల్లిపాయ పొట్టు మూటకట్టి తోపుడు బండి కింద పెట్టుకుని ఇంటికి తోసుకెళ్తాడు. అక్కడ ఇంటి ఓనరు ఊరుకోడు. వీధి వ్యాపారి దగ్గర చెత్త డబ్బా ఉండాలన్నది నియమం. డబ్బా ఆయన దగ్గర ఉంది. అది ఎక్కడ ఖాళీ చెయ్యాలో చెప్పేవాళ్లే లేరు.

2. జుర్మానాలు చిన్నవాళ్ల మీదే పడుతున్నాయి. గడప ముందు మూట కనిపిస్తే చాలు, చీటీ రాసేస్తారు. ఆ మూట మాదేనా, రాత్రి ఎవరో పెట్టిపోయారా అని అడగరు. ఏ నిబంధన కింద రాశారో చీటీలో ఉండదు, అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలో ఉండదు. ఇడ్లీ ప్లేటు మీద మిగిలేది ఎంతో మీకు తెలుసు. ఒక జుర్మానా కడితే ఆ రోజు పని చేసిందంతా దానికే పోతుంది, సాయంగా వచ్చే అమ్మాయికి కూలి చేతి నుంచి ఇవ్వాలి.

ప్లాస్టిక్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. క్యారీ బ్యాగు 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలచగా ఉండకూడదని అదే ఏడాది డిసెంబరు 31 నుంచి నియమం. మేం కాదనడం లేదు. కానీ తనిఖీ అంటే మా గల్లాపెట్టె పక్కన వేలాడే కవర్ల కట్ట పట్టుకోవడమేనా? ఆ కవర్లు హోల్‌సేల్ దుకాణాల్లో కట్టలు కట్టలుగా అమ్ముతున్నారు. మైక్రాన్లు వేలితో తడిమితే తెలిసేవి కావు. కొలిచే పరికరం మా దగ్గర లేదు, తనిఖీకి వచ్చినవాళ్ల చేతిలోనూ మేం చూడలేదు. కవరు మీద తయారీదారు పేరు, మందం అచ్చు వేయాలని నియమం ఉంది. ఆ అచ్చు లేని సరుకును హోల్‌సేల్ దగ్గరే ఆపితే మా దాకా రాదు.

పేపర్ ప్లేట్ల సంగతి మరీ తికమక. పేపర్ అని కొంటాం, లోపల పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. సాంబారు అంటిన ఆ ప్లేటు తడి చెత్తా, పొడి చెత్తా? ఎరువుకు వేస్తే ఆ పొర కుళ్లదు. అమ్మబోతే తుక్కు కొట్టువాళ్లు తీసుకోరు. మీ సిబ్బందిని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. టీ కప్పులదీ ఇదే కథ.

3. చికెన్ సెంటర్ల వ్యర్థాలు మామూలు బండి తీసుకోదు. తీసుకోకపోవడం సరైనదే. మరి ఎవరు తీసుకోవాలి? ఆదివారం ఒక్కరోజే డ్రమ్ములకొద్దీ ఈకలు, పేగులు వస్తాయి. డబ్బులిచ్చి ఎవరికో అప్పగిస్తారు, వాళ్లు ఊరి బయట చెరువు కట్ట పక్కన పోసి పోతున్నారు. కుక్కలు అక్కడ గుంపులు కడుతున్నాయి. బడి పిల్లలు సైకిళ్ల మీద ఆ దారినే పోవాలి. మాంసం మార్కెట్ల చెత్త రోజూ ఎత్తాలన్న నియమం అమలైతే ఆ డ్రమ్ము చెరువు దాకా పోదు.

4. అన్నింటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది కార్మికులకే. కలిసిపోయిన చెత్తను బండి కదులుతుండగానే, బండి మీద ఉండే ఆమె చేతులతో కెలికి సీసాలు, అట్టలు పక్కకు తీస్తుంది. చేతికి ఉన్నవి బట్ట గ్లౌజులు, వేళ్ల దగ్గర చిరిగినవి. షుగరు ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి ఇన్సులిన్ సూదులు వస్తాయి, పగిలిన ట్యూబులైట్లు వస్తాయి. ఒకరోజు ఆమె బొటనవేలు కోసుకుపోయి నా దుకాణం ముందే కూలబడింది. పసుపు పెట్టి గుడ్డ కట్టాను. కట్టు కట్టించుకుని మళ్లీ బండెక్కింది, ఎందుకంటే రానిరోజు కూలి లేదు.

5. చెత్త ఏరుకుని బతికేవాళ్ల నోటికాడి కూడు పోతోంది. శుభ్రమైన అట్టకు తుక్కు కొట్టులో ఒక రేటు, పులుసు తడిసిన అట్టకు రేటే లేదు. మేం వేరుచేసి పెట్టిందాన్ని బండిలో కలపడమంటే అమ్ముడుపోయే సరుకును చేతులారా పెంట కింద మార్చడమే. అది చివరికి డంపింగ్ యార్డుకు పోతుంది, అక్కడ మళ్లీ డబ్బు పెట్టి వేరుచెయ్యాలి. ఆ డబ్బు కూడా మా పన్నులదే.

6. పొగ. బండి రాని రోజుల్లో గల్లీ చివర ఖాళీ ప్లాటులో చెత్త పేరుకుంటుంది, ఎవరో నిప్పు పెడతారు. ఒక్కోసారి ఊడ్చిన ఆకుల కుప్పలూ అక్కడే కాలుతుంటాయి. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జుర్మానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. ప్లాస్టిక్ కాలిన పొగ ఎంత విషమో మీకు మేం చెప్పక్కర్లేదు. ఆ ప్లాటు పక్కింట్లో ఆయాసం ఉన్న పెద్దాయన ఉన్నాడు. పొగ వచ్చిన రాత్రి కిటికీలన్నీ మూసి, ఫ్యాను కింద కూర్చునే తెల్లవారుస్తాడు.

7. మోరీలు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీలు నీళ్లలో మునగడం అందరం చూశాం. అంత వానకు చెత్త ఒక్కటే కారణమని మేం అనం. నాలాల ఆక్రమణలు ఉన్నాయి, చెరువు శిఖం భూముల్లో కట్టడాలు ఉన్నాయి. కానీ మా గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలవడానికి అంత వాన అక్కర్లేదు. గంటసేపు గట్టిగా కురిస్తే చాలు. మోరీ మూత ఎత్తితే కవర్లు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు. వాటికి మిర్చి బండ్ల దగ్గర పారబోసిన నూనె గడ్డకట్టి అతుక్కుని ఉంటుంది. వాడిన నూనె తీసుకెళ్లే ఏర్పాటు చిన్న బండ్ల దాకా రానే లేదు.

ఇదంతా జరిగే పని కాదని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. 2012 అక్టోబరులో వరంగల్ నగరం క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ పెట్టుకుని, ఇంటింటి నుంచి తడి, పొడి చెత్తను వేరుగా సేకరించి చూపించింది. వేరే మున్సిపాలిటీల సిబ్బంది వచ్చి ఆ పని నేర్చుకుని వెళ్లారు. అప్పటికి 2016 నిబంధనలు కూడా లేవు. మన పక్క నగరం అప్పుడే చేసిన పని ఇన్నేళ్ల తర్వాత మన పట్టణానికి చేతకాదా?

మా వైపు నుంచి కూడా చెయ్యాల్సింది ఉంది. రాత్రిపూట బైకు మీద వచ్చి మూట విసిరేసి పోయేవాళ్లు మా మధ్యే ఉన్నారు. ఫంక్షన్ హాళ్లున్నాయి. లైసెన్సు లేని చోట వందమందికి మించిన కార్యక్రమమైతే కనీసం 3 పని దినాల ముందు మున్సిపాలిటీకి తెలపాలని నియమం ఉన్నా పెళ్లి మర్నాడు విస్తర్ల గుట్ట రోడ్డు మీదే కనిపిస్తుంది. అలాంటివాళ్లకు జుర్మానా వేస్తే మేం మీ వెంటే ఉంటాం, సాక్ష్యం కూడా చెబుతాం. మా వరుసలోని దుకాణాలన్నీ మూతలున్న రెండు డబ్బాలు సొంత ఖర్చుతో పెట్టుకోవడానికి ఒప్పుకున్నాయి. బతుకమ్మ, వినాయక చవితి రోజుల్లో పూలు, పత్రి విడిగా పోగుచేసి ఇచ్చే పని గల్లీ ఆడవాళ్లు తీసుకుంటామన్నారు.

మా డిమాండ్లు ఇవి:

1. బండిలో రేకు బాగుచేయించండి, రోజూ మార్కెట్ వీధికి వేరే ట్రిప్పు పెట్టండి. తడి గది నిండితే దించి రావాలే తప్ప పొడి గదిలో పోయకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. డైపర్లు, ప్యాడ్ల లాంటి శానిటరీ చెత్తకు, సూదులు, గాజు, బ్లేళ్లకు మూతలున్న వేరే డబ్బాలు బండికి బిగించండి. ఇది మొదటిది. ఇది కాకుండా మిగతావి ఎన్ని చేసినా లాభం లేదు.

2. దుకాణాల వరుసలకు మధ్యాహ్నం 2 తర్వాత ఒకసారి, వీధి వ్యాపారులుండే చోట్లకు రాత్రి 10 ప్రాంతంలో ఒకసారి బండి పంపండి. రాత్రి బండి కుదరకపోతే తాళం వేసి ఉండే ఒక సేకరణ చోటు చూపించండి, తాళంచెవి వీధి వ్యాపారుల కమిటీకి ఇవ్వండి. ఏ వీధికి ఏ టైముకు వస్తుందో బోర్డు మీద రాయించండి. రాని రోజు ముందే తెలపండి.

3. ఈ రెండూ జరిగేదాకా, గడప ముందు మూట ఉందన్న కారణంతో ఇళ్లకు, చిన్న దుకాణాలకు జుర్మానా ఆపండి. ఆ తర్వాత వేసే ప్రతి చీటీలో నిబంధన, ఫొటో, అభ్యంతరం చెప్పుకునే అధికారి హోదా ఉండాలి. ఇప్పటిదాకా వేసినవాటిని మళ్లీ పరిశీలించండి.

4. ప్లాస్టిక్ తనిఖీ హోల్‌సేల్ దుకాణాల నుంచి మొదలుపెట్టండి. మోదుగాకు విస్తర్లు మన అడవి ఊళ్లలో కుట్టేవే. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల ద్వారా అవి మాకు సరసమైన ధరకు దొరికేలా చేస్తే పేపర్ ప్లేట్ల గొడవే ఉండదు. కొనడానికి మా వరుసలోని టిఫిన్ సెంటర్లు సిద్ధం.

5. ఏది తడి, ఏది పొడి అన్నదానికి మా వస్తువుల పేర్లతో ఒక జాబితా తెలుగులో, ఉర్దూలో ఇవ్వండి. టీ కప్పు, పేపర్ ప్లేటు, కొబ్బరి బొండాం, పాల ప్యాకెట్, సెలూన్ వెంట్రుకలు, టైలర్ ముక్కలు, వాడిన నూనె. సిబ్బందికీ మాకూ అదే జాబితా ఉండాలి.

6. చికెన్, మాంసం, చేపల వ్యర్థాలకు మూసి ఉన్న వేరే బండి, రోజూ. అవి ఎక్కడికి చేరుతున్నాయో అందరికీ తెలిసేలా ప్రకటించండి.

7. కార్మికులకు రబ్బరు గ్లౌజులు, బూట్లు, రెయిన్‌కోట్లు చిరిగినప్పుడల్లా మార్చి ఇవ్వండి. గాయమైతే వైద్యం ఖర్చు, ఆ రోజుల కూలి మున్సిపాలిటీయే భరించాలి. చెత్త ఏరుకునేవాళ్లకు గుర్తింపు కార్డులిచ్చి, పొడి చెత్త సేకరణ కేంద్రంలో పని ఇవ్వండి.

8. చెత్త కాలే ఖాళీ ప్లాట్ల యజమానులకు నోటీసులివ్వండి. ఊడ్చిన ఆకులు కాల్చకుండా ఎరువు గుంతలకు పంపండి.

వీటిలో మొదటి మూడు డిమాండ్ల మీద వార్డు సభ పెట్టి, కార్మికులను కూడా పిలిచి, మా ఎదుట మాట్లాడాలని కోరుతున్నాం. సభకు దుకాణాలు కట్టేసి వస్తాం, కాబట్టి మధ్యాహ్నం 3 తర్వాత పెట్టండి. మిగతావాటికి ఏది ఎప్పటిలోగా చేస్తారో, ఏది చెయ్యలేరో, ఎందుకు చెయ్యలేరో కాగితం మీద రాసి ఇవ్వండి. చెయ్యలేమన్న జవాబైనా మాకు కావాలి, దాన్ని పట్టుకుని పైవాళ్ల దగ్గరికి వెళ్తాం. ఈ లేఖ ప్రతిని కలెక్టర్ గారి కార్యాలయానికి పంపుతున్నాం, మార్కెట్ గేటు దగ్గర కూడా అతికిస్తున్నాం.

ఇట్లు,
మార్కెట్ రోడ్డు చిన్న వ్యాపారులు, వెనక గల్లీ నివాసుల తరఫున
ఒక టిఫిన్ సెంటర్ నిర్వాహకురాలు